లైకియా తీరంలో నైట్ హాల్ట్‌లు

టర్కీ నైరుతి మూలన ఫెతియే నుంచి అంతల్యా దాకా ఉన్న మధ్యధరా తీరాన్ని పూర్వం లైకియా అనేవారు. టారస్ పర్వతాలు ఇక్కడ ఒడ్డున ఆగవు, నేరుగా నీళ్లలోకి దిగిపోతాయి. ఊళ్లకి దొరికిన చోటల్లా ఏళ్లు సముద్రంలో కలిసే దగ్గరి చిన్న చిన్న మైదానాలే. వాటిని డి-400 అనే హైవే కలుపుతుంది. పడమటి నుంచి తూర్పుకి వెళితే ఎడమ పక్కన కొండ, కుడి పక్కన సముద్రం. మొత్తం దూరం దాదాపు 300 కిలోమీటర్లు. కారులో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి అయిపోయే దారి. కానీ దీన్ని అలా దాటేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

నేను జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా నా దగ్గరికి వచ్చారు. నాన్న గోకవరం డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ భాగం మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదే గడిచింది. రాత్రికి ఏజెన్సీ ఊరికి బస్సు తీసుకెళ్లి, అందులోనే పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీసుకొచ్చే నైట్ హాల్ట్ డ్యూటీలంటే ఆయనకి ఇష్టం. ఊరు నిద్రపోవడం, నిద్ర లేవడం చూస్తే తప్ప ఆ ఊరు తెలిసినట్టు కాదంటారు. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ గుర్తు. అందుకే హోటళ్లు వద్దనుకుని క్యాంపర్ వ్యాన్ తీసుకున్నాం. అక్టోబరు మొదట్లో ఎండ తగ్గుతుంది, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి.

ఒక్క విషయం ముందే చెప్పాలి. షెంజెన్ వీసా ఉన్న భారతీయులకి టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది, కానీ అది సింగిల్ ఎంట్రీ. అమ్మా నాన్నా మళ్లీ జర్మనీకి రావాలి కాబట్టి వాళ్ల షెంజెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి. టికెట్లు కొనకముందే ఈ రెండూ చూసుకోండి.

మంగళవారం, ఫెతియే

డలమాన్ విమానాశ్రయం దగ్గర వ్యాన్ తీసుకున్నాం. డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. లోపల రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, బయటికి లాగి ఖాళీ చేసుకునే పెట్టె ఉన్న టాయిలెట్. వ్యాన్ అప్పగించే కుర్రాడు సోలార్ ప్యానెల్ గురించి చెబుతుంటే నాన్న టైర్లు నొక్కి చూశారు, బ్రేకు లైట్లు వేయించి చూశారు, స్టెప్నీ ఎక్కడుందో అడిగారు. బండి నడిపేది నేనే. ఆయన పక్క సీట్లో కూర్చుంటారు.

ఫెతియేలో మంగళవారం పెద్ద సంత. అక్టోబరులో దానిమ్మలు దిగుతాయి. దానిమ్మలు, అత్తిపళ్లు, రకరకాల ఆలివ్‌లు, పొడుగు పచ్చిమిరపకాయలు రాశులు పోసి ఉన్నాయి. అమ్మ వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుతుంటే అమ్మే ఆవిడ కూడా దిగి తనే మంచివి ఏరి ఇచ్చింది. చేపల మార్కెట్టు ఇంకో ముచ్చట. మధ్యలో చేపల బల్లలు, చుట్టూ హోటళ్లు. చేప మనం కొని ఇస్తే కొద్దిపాటి డబ్బు తీసుకుని కాల్చి పెడతారు.

ఈ ఊరి పాత పేరు టెల్మెస్సోస్. 1957 భూకంపంలో ఊరు చాలా మటుకు కూలిపోయింది, అందుకే ఇళ్లన్నీ కొత్తవి. కూలనివి సమాధులు. ఊరి వెనక కొండ రాతిలో గుడి ముఖద్వారం ఆకారంలో చెక్కిన అమింతాస్ సమాధి క్రీ.పూ. 4వ శతాబ్దానిది. ఊళ్లోనే ఒకచోట రాతి శవపేటిక రోడ్డు మధ్యలో ఉంది. దాన్ని కదపకుండా రోడ్డునే రెండుగా చీల్చారు, బళ్లు అటూ ఇటూ పోతుంటాయి. రెండు వేల ఏళ్ల కిందటి వాళ్లు ఈ తీరంలో మ్యూజియంలో కాకుండా వీధిలో ఉంటారని మొదటి రోజే అర్థమైంది.

రాత్రి ఊరి బయట క్యాంప్‌సైట్‌లో ఆగాం. నేల చదునుగా ఉన్నా, హ్యాండ్‌బ్రేకు వేసినా, నాన్న వెనక చక్రానికి రాయి పెట్టారు. అంతల్యా దాకా ప్రతి రాత్రీ పెట్టారు.

బుధవారం, కయాకోయ్

ఫెతియే నుంచి పైన్ చెట్ల మధ్య కొండ ఎక్కి దిగితే కయాకోయ్. కొండవాలు నిండా వందల రాతి ఇళ్లు. ఒక్కదానికీ పైకప్పు లేదు, తలుపు లేదు. గ్రీకులు దీన్ని లెవిస్సీ అనేవారు. గ్రీసు, టర్కీ యుద్ధం తర్వాత 1923లో రెండు దేశాలూ జనాన్ని మార్చుకోవాలని ఒప్పందం రాసుకున్నాయి. ఇటున్న ఆర్థడాక్స్ క్రైస్తవులు సుమారు 12 లక్షల మంది గ్రీసుకి, అటున్న ముస్లింలు నాలుగు లక్షల దాకా టర్కీకి. చాలామంది ఆ ఒప్పందానికి ముందే ప్రాణభయంతో వెళ్లిపోయారు. లెవిస్సీ అప్పుడే ఖాళీ అయింది. అటు నుంచి వచ్చినవాళ్లు ఈ కొండ ఇళ్లలో నిలవలేదు. మిగిలినది భూకంపం పడగొట్టింది.

లోపల తిరగడానికి పూట పైనే పడుతుంది. ఒక ఇల్లు ఇంకో ఇంటికి వెలుతురు అడ్డు రాకుండా మెట్లు మెట్లుగా కట్టుకున్నారు. వాననీళ్లు పట్టే తొట్లు ఇళ్ల కిందే ఉన్నాయి. గోడల మీద నీలం సున్నం అక్కడక్కడా మిగిలింది. పొయ్యి గూళ్లలో మసి ఇంకా ఉంది. చర్చి ముంగిట నలుపు తెలుపు గులకరాళ్లతో ముగ్గు పరిచారు. అమ్మ దాని పక్క నుంచే నడిచింది, తొక్కలేదు.

నాన్న చాలాసేపటికి అడిగారు. "వెళ్లినవాళ్లకి అక్కడ భూములిచ్చారా అమ్మాయ్?"

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆయన ఏళ్ల తరబడి దేవీపట్నం వైపు బస్సు నడిపారు. పోలవరం కాఫర్ డ్యాం కట్టాక గోదావరి వెనక్కి ఎగదన్ని ఆ మండలంలోని ఊళ్లు మునిగాయి. ఆయన బస్సెక్కిన జనం పునరావాస కాలనీలకి చెదిరిపోయారు. నాకు తెలిసినంత చెప్పాను. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లలో కొందరు ఏథెన్స్ దగ్గర కొత్త ఊరు కట్టుకుని నెయా మాక్రీ అని పేరు పెట్టుకున్నారు. మాక్రీ అంటే మేం నిన్న పడుకున్న ఫెతియేకి గ్రీకులు పెట్టుకున్న పేరు. "ఊరు పేరైనా తీసుకెళ్లారు" అన్నారాయన.

సాయంత్రం ఓలుదెనిజ్. ఫోటోల్లో అందరూ చూసిన నీలి మడుగు ఇదే. బాబాదా కొండ మీంచి పారాగ్లైడర్లు వరసగా దిగుతుంటారు. అందంగానే ఉంది, కానీ జనం, సంగీతం, హోటళ్లు ఎక్కువ. ఈత కొట్టి బయల్దేరిపోయాం.

గురువారం, జాంథోస్

కినిక్ అనే చిన్న ఊరి పక్కన కొండ మీద లైకియా రాజధాని జాంథోస్ ఉంది. చుట్టూ టమాటా గ్రీన్‌హౌస్‌ల ప్లాస్టిక్ కప్పులు, మధ్యలో శిథిలాలు. ఈ ఊరి కథ గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ రాశాడు. క్రీ.పూ. 540 ప్రాంతంలో పర్షియా సేన ముట్టడించినప్పుడు ఇక ఓడిపోతామని తెలిసి, ఊరి మగవాళ్లు తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ కోటలో పెట్టి నిప్పంటించి, బయటికొచ్చి ఒక్కరూ మిగలకుండా పోరాడి చచ్చిపోయారు. ఐదు వందల ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 42లో, రోమన్ బ్రూటస్ ముట్టడించినప్పుడు మళ్లీ అదే జరిగింది.

థియేటరు పక్కన ఎత్తయిన స్తంభం మీద ఉన్న సమాధికి చుట్టూ రెక్కల స్త్రీల బొమ్మలున్న పలకలు కనిపిస్తాయి. అవి నకళ్లు. అసలువి, ఇక్కడి నెరెయిడ్ అనే సమాధి కట్టడంతో పాటు, 1840ల్లో చార్ల్స్ ఫెలోస్ అనే ఇంగ్లీషాయన ఓడలకెక్కించి లండన్ పంపించాడు. నేను బ్రిటిష్ మ్యూజియంలో వాటిని చూశాను. మన అమరావతి స్తూపం పలకలు కూడా ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. అక్కడ చల్లటి గదిలో, చక్కటి దీపాల కింద రెండూ భద్రంగానే ఉన్నాయి. కానీ ఇక్కడ, ఈ ఏటి గాలిలో, ఈ ఎండలో ఖాళీ అయిన పునాది ముందు నిలబడితే నాకు చాలా బాధేసింది. ఏ కొండ కోసం చెక్కారో ఆ కొండ మీద చూడాల్సిన బొమ్మలవి. అమరావతి దిబ్బ దగ్గర కూడా నాకు ఇదే అనిపిస్తుంది.

పక్కనే లెటోన్. అది లైకియా వాళ్ల దేవస్థానం. నేలలోంచి నీళ్లు ఊరడంతో గుళ్ల పునాదులు సగం మునిగి ఉంటాయి, కప్పలూ తాబేళ్లూ ఈదుతుంటాయి. జాంథోస్, లెటోన్ రెండూ కలిపి 1988లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్లాయి.

శుక్రవారం, పతారా

ఇసుక బీచ్ కిలోమీటర్ల పొడవున సాగుతుంది, దాని మీద ఒక్క హోటలూ లేదు. కారణం తాబేళ్లు. లాగర్‌హెడ్ జాతి సముద్ర తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెడతాయి. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లేల బంధువులు. వేసవి నుంచి శరత్తు దాకా రాత్రిళ్లు బీచ్‌లోకి ఎవరినీ రానివ్వరు. పిల్లలు గుడ్డులోంచి వచ్చి వెలుతురున్న వైపు నడుస్తాయి, కాబట్టి ఒడ్డున దీపాలుంటే సముద్రం వైపు కాకుండా ఊరి వైపు వెళ్లి చచ్చిపోతాయి. వ్యాన్ వేసుకుని బీచ్ దగ్గర పడుకుందామనుకునే వాళ్లు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. వెనక గెలెమిష్ అనే పల్లె ఉంది, మేం అక్కడే ఆగాం.

బీచ్‌కి వెళ్లే దారంతా ఒకప్పటి రేవు పట్నం. ఇసుక మేట వేసి రేవు పూడిపోయింది, ఇప్పుడక్కడ రెల్లు గడ్డి. ఈ ఊళ్లోనే లైకియా సమాఖ్య సభా మండపం ఉంది. గుండ్రంగా మెట్లు మెట్లుగా ఉన్న దాన్ని ఈమధ్యే తిరిగి నిలబెట్టారు. ఇరవై మూడు నగరాలు ప్రతినిధుల్ని పంపేవని పూర్వపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. పెద్ద ఊళ్లకి మూడు ఓట్లు, మధ్యవాటికి రెండు, చిన్నవాటికి ఒకటి. 1787లో అమెరికా రాజ్యాంగం రాసుకుంటున్నప్పుడు ఆ సభలో ఈ లైకియా పద్ధతి ప్రస్తావనకొచ్చింది. మేం వెళ్లినప్పుడు లోపల ఎవరూ లేరు. నాన్న పై వరసలో కూర్చుని, అమ్మని కింద నిలబడి మాట్లాడమన్నారు. అమ్మ "ఏవండీ, వినబడుతోందా?" అని మామూలుగానే అంది. పై వరసకి స్పష్టంగా వినబడింది.

శనివారం, ఆదివారం, కాష్

కల్కాన్ దాటాక రోడ్డు కొండ అంచుకి వచ్చేస్తుంది. కపుతాష్ అనే చోట లోయ చీలికలో చిన్న బీచ్, రోడ్డు మీంచి నిలువుగా మెట్లు. పది దాటితే వ్యాన్ ఆపడానికి జాగా దొరకదు, పొద్దున్నే వెళ్లాలి. ఇక్కడ దిగుడులో నేను బ్రేకు మీద కాలు పెట్టేలోపే నాన్న "గేరు తగ్గించు, ఇంజిన్ పట్టుకుంటుంది" అన్నారు. వెనక నీళ్ల ట్యాంకు, గ్యాసు, సామాను, అన్నీ కలిపి బరువైన బండి. దిగుడంతా బ్రేకు తొక్కుతూ వెళితే డిస్కులు వేడెక్కి పట్టు పోతుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలన్నది ఘాట్ రోడ్డు పాఠం. డి-400 మీద ఇది పనికొచ్చినంతగా ఏ యాప్ సలహా పనికిరాలేదు.

కాష్ మీద మాత్రం మనసు పారేసుకున్నాను. చిన్న రేవు, బోగన్‌విల్లా తీగల కింద తెల్లటి ఇళ్లు, దుకాణాల వీధి చివర సింహం తలలున్న రాతి సమాధి. ఊరి చివర పాత థియేటరుకి వెనక గోడ లేదు, సముద్రమే ఎదురుగా. ఆ సముద్రంలో మెయిస్ ద్వీపం ఇళ్లు కనిపిస్తాయి. అది గ్రీసు. పడవలో అరగంట కూడా పట్టదు. దాటితే అమ్మా నాన్నా ఈ-వీసా అయిపోతుంది, మళ్లీ టర్కీలోకి రాలేరు. కాబట్టి థియేటరు మెట్ల మీంచే చూశాం.

రేవులో డైవింగ్ బోట్లు చాలా ఉన్నాయి. కాష్ పక్కనున్న ఉలుబురున్ కొన దగ్గర 1982లో స్పాంజీలు తీసే గజ ఈతగాడు ఒకాయన, నీళ్ల అడుగున చెవులున్న లోహపు బిస్కెట్లు చూశానని చెప్పాడు. అవి ఎద్దు చర్మం ఆకారంలో పోతపోసిన రాగి దిమ్మెలు. 3,300 ఏళ్ల కిందట మునిగిన ఓడ అది. పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం, నీలం గాజు ముద్దలు, ఏనుగు దంతం ఉన్నాయి అందులో. రాగీ తగరమూ కలిపితే కంచు. ఒక సైన్యానికి సరిపడా కంచుకి సరుకు ఒక్క ఓడలో! 1984 నుంచి 1994 దాకా 22,000 సార్లకి పైగా నీళ్లలోకి దిగి బయటికి తీశారు. ఇప్పుడవి బోద్రుమ్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆదివారం ఎక్కడికీ వెళ్లలేదు. అమ్మ వ్యాన్‌లో సంత వంకాయలతో గుత్తివంకాయ చేసింది. పక్క వ్యాన్‌లో ఉన్న ఇజ్మీర్ దంపతులకి ఒక గిన్నె పంపితే, ఆ గిన్నెలోనే వాళ్లు ఆలివ్ నూనెలో వండిన బీన్స్ పెట్టి తిరిగిచ్చారు. మా ఊళ్లో కూడా గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు.

సోమవారం, కెకోవా

హైవే వదిలి ఉచాయిజ్ అనే పల్లెకి దిగాలి. రోడ్డు సన్నం, మేకల మందలు అడ్డం వస్తాయి. పల్లెలో వ్యాన్ పెట్టి పడవెక్కాం. ఎదురుగా కెకోవా ద్వీపం. క్రీ.శ. 2వ శతాబ్దపు భూకంపాలకి ద్వీపం ఒడ్డు కుంగి, దాని మీది ఊరు సగం నీళ్లలోకి పోయింది. పడవ నెమ్మదిగా పక్క నుంచి వెళుతుంటే కొండలో తొలిచిన గదులు, గోడల అడుగులు, నీళ్లలోకి దిగే మెట్లు కనిపిస్తాయి. పై మెట్లు పొడిగా, కింది మెట్లు పచ్చటి నీళ్ల కింద. ఇక్కడ ఈత నిషేధం, లంగరు వేయకూడదు. ఆ నియమం మంచిది.

నాన్న పడవ అంచు పట్టుకుని చూస్తూ, దేవీపట్నం దారిలో తన బస్సు ఆగే చోట్ల పేర్లు వరసగా చెప్పారు. ఎక్కడ ఎవరు ఎక్కేవారో, ఏ ఇంటి అరుగు మీద కూర్చునేవారో కూడా. అమ్మ మధ్యలో ఆయన మరిచిపోయిన పేరు అందించింది. నేను ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఆ స్టాపుల పేర్లు ఎక్కడో ఒకచోట ఉండాలి అనిపించింది.

ఎదురొడ్డున కలేకోయ్‌కి కారు రోడ్డు లేదు. పడవలోనో కాలినడకనో వెళ్లాలి. కొండ మీది కోటలో, రాయిని తొలిచి చేసిన బుల్లి థియేటరు ఉంది. ఒడ్డున నీళ్ల మధ్య ఒక్క శవపేటిక నిలబడి ఉంటుంది, పిల్లలు దాని చుట్టూ తెడ్డు పడవలు తిప్పుతుంటారు.

మంగళవారం, దెమ్రే, చిరాలీ

దెమ్రే మైదానమంతా గ్రీన్‌హౌస్‌లే. వాటి చివర మైరా అనే పాత ఊరి కొండ సమాధులు, పెద్ద రోమన్ థియేటరు. క్రిస్మస్ తాతకి మూలమైన సెయింట్ నికొలస్ 4వ శతాబ్దంలో ఈ ఊరి బిషప్పే. ఆయన ఎముకల్ని 1087లో ఇటలీ నావికులు బారీ నగరానికి పట్టుకుపోయారు. చర్చి నిండా యాత్రికుల బృందాలు, గంటలో బయటపడ్డాం. ఫినికేలో నారింజలు కొన్నాం, ఇంకా పచ్చగానే ఉన్నాయి కానీ తియ్యగా ఉన్నాయి.

చిరాలీలో చీకటి పడ్డాక యనార్తాష్ ఎక్కాం. రాతి మెట్లు, టార్చి తప్పనిసరి. అమ్మ రెండుసార్లు కూర్చుంది. పైన బోసి రాతివాలులో పదులకొద్దీ చోట్ల మంటలు. కట్టె లేదు, నూనె లేదు. లోపలి శిలకీ నీటికీ మధ్య జరిగే చర్యలో పుట్టే మీథేన్ పగుళ్లలోంచి వచ్చి మండుతుంది. వేల ఏళ్లుగా మండుతోంది, పూర్వం ఓడలు దీన్ని చూసి దారి తెలుసుకునేవట. నోట్లోంచి నిప్పులు కక్కే కిమేరా రాక్షసి కథ గ్రీకులకి ఇక్కడి నుంచే వచ్చిందంటారు. అమ్మ చెప్పులు పక్కన విడిచి దండం పెట్టుకుంది. పక్కన టర్కిష్ కుటుంబం ఒకటి ఆ మంట మీదే టీ కాచుకుంటోంది. మాకూ మూడు గ్లాసులు ఇచ్చారు.

బుధవారం, ఫసేలిస్, అంతల్యా

ఫసేలిస్ గురించి ఒక్క మాటే. ఈ తీరంలో ఒక్క చోటే చూసే వీలుంటే ఇది చూడండి. పైన్ చెట్ల నీడలో మూడు రేవులు, వాటిని కలిపే రాతి రాజవీధి. అలెగ్జాండర్ క్రీ.పూ. 334-333 చలికాలంలో ఇక్కడ విడిది చేశాడు. శిథిలాల్లో తిరిగి, పది అడుగులు వేసి, అదే రేవులో ఈత కొట్టొచ్చు.

మధ్యాహ్నం అంతల్యా ట్రాఫిక్కులోకి వచ్చాం. వ్యాన్ అప్పగించే ముందు నీళ్ల ట్యాంకులు ఖాళీ చేయాలి, టాయిలెట్ పెట్టె కడగాలి, గ్యాసు కట్టాలి. ఇవన్నీ క్యాంప్‌సైట్‌లోనే పూర్తి చేసుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు. క్రీ.శ. 130లో చక్రవర్తి హాడ్రియన్ రాక కోసం కట్టిన ద్వారం, పాత ఊరి సందులు చూశాక ఇంకేం చూస్తారని నాన్నని అడిగాను. "ఇక్కడ బస్టాండు ఎక్కడ?" అన్నారు.

అంతల్యా ఒటోగార్ చాలా పెద్దది. ఆయన ప్లాట్‌ఫారాలన్నీ తిరిగారు. బోర్డులు, సీట్లు, డిక్కీలో సామాను సర్దే తీరు చూశారు. ఒక పెద్దవయసు డ్రైవరు డ్యూటీ ఎక్కబోతూ కనిపిస్తే, ఇంగ్లీషు వచ్చిన కౌంటర్ కుర్రాడిని మధ్యలో పెట్టుకుని నాన్న తను కూడా డ్రైవర్నే అని చెప్పించారు. ఆయన వెంటనే స్టీరింగ్ సీటు చూపించి కూర్చోమన్నారు. డి-400 ఎందాకా పోతుందని నాన్న అడిగారు. పడమట దాత్చా నుంచి మొదలై, మెర్సిన్, అదానా మీదుగా, తూర్పున ఇరాన్ సరిహద్దు దాకా, రెండు వేల కిలోమీటర్లకి పైనే అని ఆయన చెప్పారు. మధ్యలో నైట్ హాల్ట్‌లు ఎక్కడెక్కడో నాన్న అడిగారు. కుర్రాడు అనువదించడం మొదలుపెట్టాడు, ఇద్దరు డ్రైవర్లూ ఒక టికెట్టు వెనక ఊళ్ల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు.